కీటకాహార మొక్కల గ్రీన్‌హౌస్‌లో సాలీళ్ళు: దులిపేయాలా, ఉండనివ్వాలా?

మీరు అడిగినవి మూడు సంగతులు. పురుగు తగిలితే బోనులా మూసుకునే ఆకుల ఫ్లైట్రాప్‌లు, జిగురు చుక్కల ఆకుల సన్‌డ్యూలు, పురుగులు జారిపడే కూజా మొక్కలు పెంచుతున్న మీ గ్రీన్‌హౌస్‌లోకి నెల రోజులుగా సాలీళ్ళు చేరి వలలు కట్టుకుంటున్నాయి. అవి మొక్కల నోటి దగ్గరి కూడు లాక్కుంటున్నాయా అన్నది మొదటిది. ఫ్లైట్రాప్ బోనులు వరసగా నల్లబడుతున్నాయి, అదీ వాటి పనేనా అన్నది రెండోది. మీ అమ్మాయి రోజూ సాయంత్రం వాటిని చూడడానికి అలవాటు పడింది కాబట్టి, మొక్కలనీ సాలీళ్ళనీ కలిపి ఉంచే దారి ఏదైనా ఉందా అన్నది మూడోది.

ఉండనివ్వండి. బోనులు నల్లబడడానికీ సాలీళ్ళకీ సంబంధం లేదు. తిండి విషయంలో మాత్రం మీ అనుమానంలో కొంత నిజం ఉంది, కానీ అది సులువుగా సర్దుకోగలిగినదే.

పధ్నాలుగేళ్ళుగా ఈ మొక్కలు పెంచుతున్నాను. మొదటి రెండేళ్ళూ ప్రతి ఆదివారం బూజుకర్ర పట్టుకుని మూలమూలా దులిపేదాన్ని. రెండో ఏడు వసంతంలో సర్రసేనియా అనే కూజా మొక్కల కొత్త కూజాలు మెలికలు తిరిగి, ముడుచుకుపోయి పైకొచ్చాయి. వేరు కుళ్ళు అనుకున్నాను. చిగురు విప్పి చూస్తే లోపలంతా పేనుబంక. సబ్బు నీళ్ళు కొడితే పేనుబంక సగమే పోయింది గానీ, పక్కనున్న సన్‌డ్యూల ఆకుల మీద జిగురు చుక్క ఒక్కటి మిగల్లేదు. రెక్కలొచ్చిన పేనుబంక గాల్లో తేలుతూ లోపలికి వస్తుంది. దాన్ని దారిలోనే పట్టేవి నేను ప్రతి వారం దులిపేస్తున్న ఆ చిన్న చిన్న వలలే. అప్పటినుంచి బూజుకర్ర గ్రీన్‌హౌస్‌లోకి తేలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన భాషలో పాతబడిన సాలెగూడునీ బూజు అంటాం, తడి చోట పట్టే శిలీంధ్రాన్నీ బూజే అంటాం. గ్రీన్‌హౌస్‌లో ఈ రెంటినీ వేరు చేసి చూడడం నేర్చుకోవాలి. ఆకు మొదట్లో బూడిద రంగు నూగులా కనిపించేది శిలీంధ్రం. గాలి ఆడని చోట, చచ్చిన ఆకుల మీద మొదలై బతికున్న ఆకులకు పాకుతుంది. దాన్ని కనిపించిన రోజే తీసేయాలి. ఆకుల మధ్య దారాలుగా సాగి, నీళ్ళు చిలకరిస్తే ముత్యాల్లా మెరిసేది సాలీడు పని. దాన్ని వదిలేయాలి. దుమ్ము పట్టి, యజమాని లేకుండా వేలాడే పాత గూళ్ళను మాత్రం పుల్లతో చుట్టి తీసేయొచ్చు.

ముందు నల్లబడే బోనుల సంగతి చూద్దాం, అది ఆలస్యం చేయకూడనిది. ఒక్కో బోను లెక్క లేనన్ని సార్లు పనిచేయదు. మూడు నాలుగు వేటలు అరిగించుకున్నాక దాని ఆయుష్షు తీరుతుంది. అది నల్లబడి ఎండిపోతే మధ్య నుంచి కొత్తది వస్తుంది. బయటి వరసలోని ముదురు ఆకులు ఒకటీ అరా పోతుంటే కత్తిరించి పారేయండి, అంతే. కొత్తగా విచ్చుకున్నవి కూడా మాడుతున్నాయంటే ముందు నీళ్ళను అనుమానించాలి. ఫ్లైట్రాప్ పుట్టిల్లు ఉత్తర, దక్షిణ కరొలైనాల్లో పోషకాలు లేని తడి ఇసుక నేలలు. మరెక్కడా అది సహజంగా పుట్టలేదు. నేల ఇవ్వని నత్రజనిని, భాస్వరాన్ని ఆకులతో పట్టి తినడం నేర్చుకున్న మొక్క కాబట్టి దాని వేళ్ళు లవణాలకు తట్టుకోలేవు. నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు 50 లోపు చూపించే నీళ్ళే పోయాలి. వాన నీళ్ళు, ఆర్వో నీళ్ళు, డిస్టిల్డ్ వాటర్ ఏవైనా సరే. కుళాయి నీళ్ళు పోసినా మొదట కొన్నాళ్ళు మొక్క పచ్చగానే ఉంటుంది, చాలామంది మోసపోయేది అక్కడే. పళ్ళెంలో నీళ్ళు ఆవిరైన కొద్దీ లవణాలు కుండీలో పేరుకుంటాయి, దెబ్బ నెలల తర్వాత తెలుస్తుంది. కుండీ అంచున తెల్లటి పొర కనిపిస్తోందేమో చూడండి. కనిపిస్తే ఎరువు కలపని పీట్ మాస్, పెర్లైట్ కలిపి మొక్కను కొత్త కుండీలోకి మార్చేయండి.

ఇంకో రెండు కారణాలు కూడా ఉంటాయి. బోనులో మూడో వంతు కంటే పెద్ద పురుగు పడితే కాలో రెక్కో బయటికి పొడుచుకువచ్చి అంచులు పూర్తిగా అతుక్కోవు. రసం కారిపోయి లోపల కుళ్ళు మొదలవుతుంది. రెండోది మీ అమ్మాయి. కోప్పడకుండా అడగండి, వేలితో బోనులు మూయిస్తోందేమో. బోనుకున్న రెండు రెక్కల్లో ఒక్కోదాని లోపల సాధారణంగా మూడు సన్నటి వెంట్రుకలుంటాయి. సుమారు 20 సెకన్ల లోపు రెండుసార్లు తగిలితేనే బోను మూసుకుంటుంది, అదీ సెకనులో పదో వంతు కాలంలో. లోపలిది పెనుగులాడి మళ్ళీ మళ్ళీ వెంట్రుకలకు తగులుతుంటేనే జీర్ణరసం ఊరడం మొదలవుతుంది. వాన చినుక్కి, ఎండుటాకుకి శక్తి వృథా చేసుకోకుండా మొక్క పెట్టుకున్న లెక్క ఇది. వేలితో మూయిస్తే ఆ లెక్క తప్పించినట్టే. ఖాళీగా మూసుకున్న బోను ఒకటి రెండు రోజుల్లో తెరుచుకుంటుంది గానీ, తిండి దొరక్కుండానే దాని ఆయుష్షులో ఒక వంతు ఖర్చయిపోతుంది. ఆ లెక్క పాపకు చెప్పి చూడండి. పిల్లలు నిషేధం కంటే లెక్కను బాగా గౌరవిస్తారు.

ఇక తిండి. సాలీడూ ఈ మొక్కలూ ఒకే తిండి కోసం పోటీపడతాయన్నది ఊహ కాదు. ఫ్లోరిడా తడి నేలల్లో డ్రోసెరా క్యాపిల్లారిస్ అనే చిన్న సన్‌డ్యూ, నేల మీద పరుపులా వల అల్లే ఒక రకం తోడేలు సాలీడు పక్కపక్కనే బతుకుతాయి. వాటి మీద జరిగిన పరిశోధన ఒకటి 2010లో వచ్చింది. రెండూ తినే పురుగుల్లో చాలావరకు ఒకటే. సన్‌డ్యూలు దట్టంగా ఉన్నచోట సాలీడు ఇంకా పెద్ద వల అల్లుతోంది. తిండి తక్కువైనప్పుడు, సాలీడు పక్కనున్న సన్‌డ్యూలకు విత్తనాలు తగ్గాయి. జంతువుకీ మొక్కకీ మధ్య నేరుగా ఇలాంటి పోటీ ఉంటుందని నేను మొదటిసారి చదివింది అక్కడే. ఆ రాత్రి టార్చి తీసుకుని నా సన్‌డ్యూల దగ్గరికి వెళ్ళి ఎంతసేపు నిలబడ్డానో నాకే గుర్తులేదు.

కానీ ఆ ఫలితాన్ని జాగ్రత్తగా చదవాలి. తగ్గింది విత్తనాలు. ఈ మొక్కలకు బతుకు వెలుతురుతోనే. ఆకుపచ్చని ఆకులు మిగతా మొక్కల్లాగే ఎండలో తమ ఆహారం తాము చేసుకుంటాయి. పురుగు అదనపు బలం. డార్విన్ కొడుకు ఫ్రాన్సిస్ డార్విన్ 1878లో ప్రకటించిన ప్రయోగంలో, మాంసపు తునకలు పెట్టిన సన్‌డ్యూలు పెట్టనివాటికంటే చాలా ఎక్కువ విత్తనాలు ఇచ్చాయి. పెట్టనివీ బతికే ఉన్నాయి. కాబట్టి సాలీడు కొంత వాటా తీసుకున్నా మీ మొక్క చావదు. పువ్వు, విత్తనం, పెరుగుదల వేగం తగ్గొచ్చు, అదీ లోపలికి పురుగులు రావడమే తక్కువైతే.

పైగా అందరి వేటా ఒకే ఎత్తులో ఉండదు. పేరులో ఈగ ఉంది గానీ, సహజంగా పెరిగేచోట ఫ్లైట్రాప్‌కి ఎక్కువగా చిక్కేవి నేల మీద పాకే చీమలు, సాలీళ్ళు. ఎగిరే పురుగుల వాటా చాలా తక్కువ. అంటే మీ గ్రీన్‌హౌస్‌లో ఫ్లైట్రాప్‌కి సాలీడు పోటీదారు కంటే ఆహారమే ఎక్కువగా అవుతుంది. నడుమెత్తున గుండ్రటి వల కట్టే సాలీడుకి చిక్కేవి ఎగిరేవి. నిజంగా ఇబ్బంది పడేవి రెండే. ఒకటి, పొడుగు కూజాల సర్రసేనియా. మూత కింద, అంచు చుట్టూ ఊరే తేనె కోసం వచ్చిన ఈగ జారి లోపల పడాలి. సరిగ్గా ఆ నోటికి అడ్డంగా వల ఉంటే పడదు. రెండు, సన్‌డ్యూ మొలకల పళ్ళెం. దాని మీద పరుపు వల పరుచుకుంటే ఇంకా వేళ్ళూనని మొలకలకు తిండి అందదు.

అందుకే నేను చేసేది ఇంతే. పగలు గాలి తలుపులు తెరిచి పెడతాను. పురుగులు అందరికీ సరిపడా వస్తాయి, గాలి ఆడుతుంది కాబట్టి ఆ బూడిద బూజూ తగ్గుతుంది. సర్రసేనియా నోళ్ళ మీదా మొలకల మీదా ఉన్న వలలను మాత్రం తీసి, సాలీడుని గాజు గ్లాసు కింద మూసి, అట్టముక్క జారించి తలుపు పక్కకు మారుస్తాను. తలుపు దగ్గర దానికి అడుగడుగునా ఆసరా దొరికేలా నాలుగు వెదురు పుల్లలు నిలబెట్టి ఉంచాను. పురుగులు వచ్చే దారి అదే కాబట్టి వారంలోపే అక్కడ స్థిరపడుతుంది. తలుపులు మూసి ఉంచే చలి నెలల్లో ఎదుగుతూనే ఉండే సన్‌డ్యూలకు రెండు వారాలకోసారి చేపల తిండి పొడి, గోరు మీద పట్టేంత, తడిపి ఆకుల మీద వేస్తాను. ఇంకో రకం కూజా మొక్క నెపెంథిస్, దాని కూజాకు నెలకొక చిన్న పురుగు చాలు, ఎక్కువైతే కూజాయే కుళ్ళుతుంది. ఫ్లైట్రాప్, సర్రసేనియా ఆ నెలల్లో నిద్రపోతాయి, వాటికి ఏమీ పెట్టకండి. మూడు నాలుగు నెలల చల్లటి విశ్రాంతి లేకపోతే అవి ఏటికేడు నీరసిస్తాయి. కుండీలో ఎరువు మాత్రం ఎప్పుడూ, ఏ మొక్కకూ వేయకండి.

మీ గ్రీన్‌హౌస్‌లో ఉన్నవన్నీ ఒకే సాలీడు కాదు, వర్ణనను బట్టి కనీసం మూడు రకాలున్నట్టున్నాయి. పైకప్పు మూలల్లో చిందరవందరగా దారాలు అల్లే గోధుమరంగు గుండ్రటిది పరాస్టియాటోడా టెపిడేరియోరమ్ కావచ్చు. దాని పేరులోనే వెచ్చటి గది అనే అర్థం ఉంది. 1841లో కోహ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు దానికి ఆ పేరు పెట్టింది గ్రీన్‌హౌస్‌లలో దొరికింది కాబట్టే. ముందు కాళ్ళ మీద ఈకల్లాంటి కుచ్చులతో, ఎండిన పుల్లలా వల మధ్యలో పడి ఉండేది ఉంటే అది యులోబోరస్ అయ్యుండొచ్చు. దానికి విషగ్రంథులే లేవు. తెల్లదోమను పట్టి మీటర్ల కొద్దీ పట్టుతో బిగించి చుట్టేస్తుంది. తెల్లదోమ పట్టిన గ్రీన్‌హౌస్‌లో అంతకంటే మంచి చుట్టం దొరకదు. పెద్ద గుండ్రటి వలలు కట్టేది తోట సాలీడు. వీపు మీద తెల్ల చుక్కల శిలువ ఉంటే అరేనియస్ డయాడెమాటస్, వల మధ్య తెల్లటి వంకర టింకర పట్టీ ఉంటే ఆర్జియోపి. ఆ పట్టీ ఎందుకన్నది శాస్త్రజ్ఞుల మధ్య ఇప్పటికీ తెగని వాదం.

ఇక ఆకుల అడుగున, ఈనెల మధ్య, కంటికి ఆనీ ఆనని సన్నటి అల్లిక కనిపిస్తే సంతోషించకండి. అది సాలీడు కాదు, ఎర్రనల్లి. భూతద్దంలో కదిలే ఎర్రటి చుక్కలు, ఆకు మీద సూది పొడిచినట్టు పాలిపోయిన మచ్చలు కనిపిస్తాయి. ఫ్లైట్రాప్‌కి పడితే మొక్క మొత్తాన్ని కుండీతో సహా వాన నీళ్ళలోనో ఆర్వో నీళ్ళలోనో ఒకటి రెండు రోజులు ముంచి ఉంచండి. బురద నేలల మొక్క కాబట్టి అది తట్టుకుంటుంది. గుడ్లు మిగులుతాయి కాబట్టి వారం తర్వాత మళ్ళీ ముంచాలి. మందు కొట్టకండి, కొడితే ముందు చచ్చేది సాలీళ్ళే.

మీ అమ్మాయి కోసం చూడడం గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది.

వల కట్టడం చూడాలంటే వేళ తెలియాలి. చాలా గుండ్రటి వలల సాలీళ్ళు చీకటి పడే వేళకో, తెల్లవారకముందో పని మొదలుపెడతాయి. వల పాతబడితే దాన్ని చుట్టి తినేస్తాయి. అందులోని ప్రోటీనే మళ్ళీ కొత్త పట్టు అవుతుంది. మీ అమ్మాయి పొద్దున చూసిన వల సాయంత్రానికి మాయమైతే ఎవరో తెంపారని బాధపడొద్దని చెప్పండి. మొదటి దారం గాలికి వదిలేస్తుంది. అది ఎదురుగా దేనికైనా తగిలి అతుక్కుంటే అదే వంతెన. అందుకే ఫ్యాను గట్టిగా తిరుగుతున్నా, తలుపులన్నీ బిగించి గాలి కదలకపోయినా పని సాగదు, సన్నటి గాలి కావాలి. వంతెన మీద నుంచి కిందికి వేలాడి ఆంగ్లాక్షరం 'వై' ఆకారం లాగుతుంది, ఆ నడిబొడ్డు నుంచి బండి చక్రంలో లాగా ఆరాలు విస్తరిస్తుంది. తర్వాత లోపలినుంచి బయటికి ఎడంగా ఒక చుట్టు వేస్తుంది, దానికి జిగురు ఉండదు. అది నడవడానికి వేసుకున్న సారువ. ఆ సారువ మీద నిలబడి బయటినుంచి లోపలికి, కాలితో ఎడం కొలుస్తూ, జిగురు దారం చుట్టుకుంటూ వస్తుంది. వస్తూ వస్తూ సారువను విప్పేస్తుంది. ఇల్లు కట్టేవాళ్ళు చేసేదీ ఇదే కదా. నేతగాణ్ణి సాలె అంటాం, దీన్ని సాలీడు అన్నాం. పేరు పెట్టినవాళ్ళు ఒక రాత్రి కూర్చుని ఇదంతా చూసే ఉంటారనిపిస్తుంది. అరగంట నుంచి గంట పడుతుంది. ఎర్ర కాగితం కట్టిన టార్చి వాడండి, తెల్ల వెలుగు నేరుగా వేయకండి. కట్టడం పూర్తయ్యాక దూరం నుంచి మంచులాంటి సన్నటి తుంపర ఒక్కసారి కొడితే జిగురు చుట్లు మాత్రమే ముత్యాలై, ఆరాలు పొడిగా విడిగా కనిపిస్తాయి. పిండి చల్లమని కొందరు చెబుతారు, వద్దు. జిగురు పాడవుతుంది, పిండి సన్‌డ్యూల మీద పడి బూజు పడుతుంది.

ఇంకో ప్రయోగం. తోట సాలీడు కళ్ళతో దాదాపు ఏమీ చూడదు, కాలు దారం మీద వేసి వణుకును చదువుతుంది. 1880లో చార్లెస్ వెర్నన్ బాయ్స్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు శ్రుతిదండాన్ని మోగించి వల అంచుకు ఆనించాడు. సాలీడు పరిగెత్తుకొచ్చి ఏదో ఈగ చిక్కిందన్నట్టు దాన్ని పట్టుకుంది. వలకు తగలకుండా దగ్గరగా మోగిస్తే మాత్రం దారం పట్టుకుని కిందికి జారిపోయింది. శ్రుతిదండం దొరికితే మీ ఇంట్లోనూ చేయొచ్చు. ఒక రోజుకు ఒక్కసారే చేయండి. మాటిమాటికీ పిలిచి తిండి పెట్టకపోతే అది అలవాటు పడి రావడం మానేస్తుంది, మనం పాపం దాని శక్తి ఖర్చు చేయించినట్టవుతుంది.

మొక్కకీ సాలీడుకీ పొత్తు కుదిరిన చోట్లూ ఉన్నాయి. ఆగ్నేయాసియాలో నెపెంథిస్ కూజాల లోపలే కాపురం ఉండే పీత సాలీళ్ళున్నాయి. కూజాకు వచ్చిన పురుగుల్ని అంచున కాచుకుని పడతాయి, ఎవరైనా కదిలిస్తే దారం కట్టుకుని ఆ జీర్ణరసంలోకే దూకి, ప్రమాదం పోయాక పైకెక్కుతాయి. నా సర్రసేనియా మూత కింద కూడా ఒక చిన్న పీత సాలీడు ఒక వేసవంతా ఉంది. అది పీల్చి వదిలేసిన ఈగ డొల్లలు కూజాలోనే పడేవి. ఆ కూజా మిగతావాటికంటే ఏమీ నీరసంగా లేదు.

ఒక జాగ్రత్త. నల్లగా నిగనిగలాడుతూ పొట్ట మీద ఎర్ర గుర్తున్న సాలీళ్ళు ఉండే ప్రాంతమైతే, బల్ల అడుగున, ఖాళీ కుండీల్లో చేయి పెట్టేముందు చేతి తొడుగులు వేసుకోండి, అమ్మాయిని అటు వెళ్ళనివ్వకండి. తోట సాలీళ్ళు పట్టుకుని నొక్కితే తప్ప కరవవు, కరిచినా తేనెటీగ కుట్టినంత.

చివరగా, తలుపు కీలు దగ్గర పసుపు దూదిలాంటి ముద్ద కనిపించిందని రాశారు. పొట్ట బాగా ఉబ్బిన ఆడ సాలీడు వల వదిలేసి తిరిగిన రోజుల్లోనే కనిపించిందంటే అది గుడ్లసంచే. కొన్ని వందల గుడ్లుంటాయి. తల్లి దాన్ని కొన్నాళ్ళు అంటిపెట్టుకుని ఉండి చనిపోతుంది, అమ్మాయికి ముందే చెప్పి ఉంచండి. వసంతంలో పిల్లలు ఆవగింజల్లా పసుపు ముద్దగా గుమిగూడి ఉంటాయి. మెల్లగా ఊదితే ముద్ద చెదిరి అన్ని దిక్కులకూ పాకి, కాసేపటికి మళ్ళీ ముద్దవుతుంది. కొన్ని రోజులకు ఒక్కొక్కటీ దారం గాలికి వదిలి ఎగిరిపోతాయి. కొన్ని సన్‌డ్యూ ఆకుల మీద వాలి అక్కడే ఉండిపోతాయి కూడా. ఆ దారి మూసుకుపోకుండా అప్పుడు పై తలుపు తెరిచి ఉంచండి. అప్పటిదాకా ఆ కీలున్న తలుపు వాడకుండా రెండో వైపు నుంచి వెళ్ళగలిగితే బాగుంటుంది.